నల్లసిరా కింద నంబరు

"ఎవరు చేశారో తేలేదాకా మూలకణాలిచ్చే దాత రానంటున్నాడండీ," అంది తల్లి డిటెక్టివ్‌తో. "మా పాప పోయిందని ఎవరో ఆయనకి అబద్ధపు ఫోన్ చేశారు."

పాపకు ఎనిమిదేళ్లు. పుట్టుకతో వచ్చిన తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇంట్లో ఎవరి మూలకణాలూ సరిపోలేదు. సరిపోయినవాడు బయటి మనిషి ఒక్కడే. నాలుగు రోజుల్లో చికిత్స మొదలుపెట్టాలి.

దాత పేరు, ఊరు రోగి ఇంటివాళ్లకు తెలియనివ్వరు. అయినా వార్డు ఫోన్ నుంచే అతనికి కాల్ వెళ్లింది.

డిటెక్టివ్, అతని అసిస్టెంటు వార్డుకు వెళ్లేసరికి తల్లి తరఫు తాత అద్దం తలుపుకు లోపలివైపు కూర్చుని ఉన్నాడు. బయట పెయింటర్ అద్దం మీద కొత్త సందర్శన వేళలు రాస్తున్నాడు.

"నాలుగు నుంచి ఆరేనా? నిన్నటిదాకా ఏడు కదా," అన్నాడు తాత.

"ఇటునుంచి తిరగబడి కనిపిస్తుంటే ఎలా చదివారు తాతగారూ?" అన్నాడు అసిస్టెంటు.

"ముప్పయ్యేళ్లు ప్రెస్సులో తిరగబడి ఉండే సీసం అక్షరాలు పేర్చాను నాయనా. తిన్నగా ఉంటేనే నాకు తికమక."

అసిస్టెంటు నవ్వాడు. డిటెక్టివ్ నవ్వలేదు.

దాత నుంచి ఇంటికి చేరింది ఒక్క ఉత్తరమే. "ధైర్యంగా ఉండు" అని రాశాడు. కింద ఒక వరుస నల్లగా కొట్టేసి ఉంది.

"తెలియక తన ఫోన్ నంబరు రాశాడు. నేనే మార్కర్‌తో కొట్టేశాను," అంది నర్సు. "వెలుతురుకి పట్టినా కనబడదు."

డిటెక్టివ్ కాగితం తిరగేసి వేలితో తడిమాడు.

సాయంత్రం డాక్టర్ గదిలో అందరినీ కూర్చోబెట్టాడు.

"దాత బాల్‌పెన్ను నొక్కి రాసే మనిషి. ముందువైపు నంబరును సిరా మూసేసింది. వెనకవైపు అంకెలు ఉబ్బి ఉన్నాయి, తిరగబడి. చదవడానికి నాకు అద్దం కావలసి వచ్చింది. అద్దం అక్కర్లేని మనిషి ఈ గదిలో ఒక్కరే."

తల్లి పక్కకు తిరిగింది. "నాన్నా, నువ్వా?"

"ముందు పాప ఎముకల్లోని మూలుగంతా మందులతో ఖాళీ చేస్తారన్నారు," అన్నాడు తాత. "ఆ తర్వాత ఆయన మనసు మార్చుకుంటే? ఉన్నదీ పోతుంది, కొత్తదీ రాదు. రక్తం ఎక్కించుకుంటూ అయినా బతుకుతుంది కదా అనుకున్నా."

"నాతో ఒక్క మాట అనచ్చు కదా."

"అంటే ఊరుకునేదానివా?" అతను చేతుల వంక చూసుకున్నాడు. "పాప పోయిందనగానే ఫోన్లో ఏడ్చాడమ్మా. మొహమైనా చూడని పిల్ల కోసం. వచ్చేవాడేనని అప్పుడు తెలిసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. పెట్టేశాను."

డాక్టర్ దాతల సంస్థకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాడు. గంటసేపు జవాబు లేదు. ఎవరూ లేవలేదు. ఫోన్ మోగాక డాక్టర్ విని పెట్టేశాడు.

"ఆయనకి చెప్పారట. ఏ రోజు రావాలని ఒక్కటే అడిగాడట."

తాత నర్సు దగ్గర కాగితం అడిగాడు. "ఆయనకి రాస్తాను. కొట్టేయాల్సినవి మీరే కొట్టేయండి."

"రాయండి," అంది నర్సు. "నొక్కి రాయకండి."