ఉల్లిపొరలో ఆకుపచ్చ

"ఇటుకలు పేర్చినట్టున్నాయి టీచర్" అంటూ పొడుగుపిల్లాడు మైక్రోస్కోపు ముందునుంచి లేచాడు. లేస్తూ లేస్తూ మోచేత్తో దాన్నొక పోటు పొడిచాడు. వాడి చేతులెప్పుడూ కుదురుగా ఉండవు. తర్వాత వంతు డేగది.

డేగంటే పక్షి కాదు, ఐదో తరగతి అమ్మాయి. ఇంట్లో ఏది పోయినా వెతికిపెట్టేది ఆ పిల్లే. కుట్టుమిషను కింద పడ్డ సూది, నానమ్మ కళ్ళజోడు, ఆఖరికి తమ్ముడి ఊడిన పన్ను కూడా దాని కంటికి చిక్కాల్సిందే. అందుకని ఇంటిల్లిపాదీ డేగా అని పిలిచారు. బడిలోనూ అదే ఖాయమైపోయింది.

అలాంటి డేగ మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ఏమీ కనిపించలేదు. అంతా చీకటి. చీకట్లో చీపురుపుల్లల్లాంటివేవో కదిలాయి. అవి తన కనురెప్పల వెంట్రుకలేనని తెలుసుకోడానికి కాసేపు పట్టింది.

"త్వరగా కానివ్వు" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"ఉల్లిపొరలో కణాలు కనిపించాయా, డేగా?" సైన్సు టీచర్ అడిగింది.

ఇప్పటిదాకా చూసినవాళ్ళందరికీ కనిపించాయి. డేగకి కనిపించలేదంటే ఇంకేమైనా ఉందా?

"కనిపించాయి టీచర్."

"అయితే బోర్డు మీద గీయమ్మా. మిగతావాళ్ళకి ఏం చూడాలో తెలుస్తుంది." టీచర్ మైక్రోస్కోపు వైపు వంగింది. "అరె, కింద అద్దం పక్కకి తిరిగిపోయిందే. ఇప్పుడే కదిలినట్టుంది." దాన్ని వెలుతురుకి తిప్పి, హెడ్మాస్టర్ పిలిస్తే బయటికెళ్ళింది.

డేగకి అప్పుడర్థమైంది. అద్దం తిరిగిపోయినందుకే చీకటి. ఏమీ కనిపించట్లేదని ముందే అనుంటే సరిపోయేది. ఇప్పుడేమని చెప్తుంది?

సుద్దముక్క అందుకుంది. పాఠంలో మొక్క కణం బొమ్మ బాగా గుర్తుంది. గడి గీసింది. లోపల చుక్క పెట్టి కేంద్రకం అని రాసింది. చుట్టూ ఆకుపచ్చ సుద్దతో గింజల్లా హరితరేణువులు వేసింది. బొమ్మ మాత్రం ముచ్చటగా వచ్చింది.

తర్వాత వంతు డేగ స్నేహితురాలు చిట్టిది. ఆ పిల్ల మైక్రోస్కోపు దగ్గర చాలాసేపు కూర్చుంది. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే వీధి.

"డేగా, గళ్ళున్నాయి. గళ్ళలో చుక్కలున్నాయి. ఆకుపచ్చవి లేవే."

"ఉంటాయి. సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూస్తున్నా. లేవు."

"నీ కళ్ళకేమైందో మరి" అనేసింది డేగ.

తర్వాత వచ్చినవాళ్ళంతా బోర్డు వంకోసారి, మైక్రోస్కోపులోకోసారి చూసి, "ఉన్నాయి, ఆకుపచ్చగా ఉన్నాయి" అన్నారు. డేగ గీసిందంటే ఉండకుండా ఎలా ఉంటాయి? టీచర్ తిరిగొచ్చేసరికి బడి వదిలే గంట కొట్టేశారు.

ఇంటికెళ్ళే దారిలో చిట్టి ఒక కన్ను మూసి చెప్పుల కొట్టు బోర్డు చదివింది. తర్వాత రెండో కన్ను మూసి చదివింది.

"మా తాతకి చూపు పోయేముందు మొదట రంగులే తెలిసేవి కాదట" అంది మెల్లగా. "నాన్నకి చెప్తాను. సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు."

డేగ చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. ఈలోగా చిట్టి ఇల్లు వచ్చేసింది.

ఇంట్లో అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. "వచ్చావా? ఈ సూదిలో దారం ఎక్కించు తల్లీ" అంది. డేగ మూడుసార్లు ప్రయత్నించింది. దారం ఎంతకీ ఎక్కలేదు. అమ్మ మిషను ఆపింది.

"ఏమైందే?"

ఏడుపుతో కలిపి కథంతా బయటికొచ్చింది. అమ్మ కొంగుతో మొహం తుడిచింది కానీ ఊరుకోమనలేదు.

"ఇదంతా నాకు చెప్తే ఏం లాభమే? అక్కడ ఆ పిల్ల హడలిపోతుంటే."

డేగ పరుగు తీసింది. చిట్టివాళ్ళ నాన్న అప్పటికే తలుపుకి తాళం వేస్తున్నాడు. చిట్టి కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"చిట్టీ, నీ కళ్ళు బాగానే ఉన్నాయి" అంది డేగ రొప్పుతూ. "కనిపించనిది నాకే. అద్దం తిరిగిపోయి అంతా చీకటిగా ఉంది. ఆ ఆకుపచ్చవి పుస్తకంలో చూసి వేశాను."

చిట్టి అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఇందాకటినుంచి తాతని తలుచుకుని ఏడుస్తున్నా, తెలుసా?" అంది.

చిట్టివాళ్ళ నాన్న తాళం తీశాడు. "రేపు మీ టీచరుకి కూడా చెప్తావా అమ్మా?"

డేగ తలూపింది.

మర్నాడు బోర్డు మీద బొమ్మ అలాగే ఉంది. డేగ లేచి నిలబడింది.

"టీచర్, నిన్న నాకు కణాలు కనిపించలేదు. నా కనురెప్పల వెంట్రుకలు కనిపించాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. టీచర్ నవ్వలేదు. ఆకుపచ్చవి పుస్తకంలో చూసి వేశాననీ, అవి లేవని చిట్టి చెప్పినా వినలేదనీ, మిగతావాళ్ళు ఉన్నాయన్నారనీ డేగ చెప్పేసింది. టీచర్ బొమ్మ దగ్గరికెళ్ళి చూసింది.

"ఇది ఆకులో ఉండే కణం. ఆకు ఎండలో ఆహారం తయారుచేస్తుంది కాబట్టి దానికి హరితరేణువులు కావాలి. ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది. దాని లోపలి పొరకి ఎండెక్కడిది? అందుకే అందులో అవి ఉండవు. చిట్టి చూసిందే సరి." పిల్లల వైపు తిరిగింది. "మరి ఆకుపచ్చగా ఉన్నాయన్నవాళ్ళెవరు?"

తరగతంతా ఒక్కసారిగా నేల చూపులు చూసింది.

టీచర్ మళ్ళీ ఉల్లిపొర పెట్టింది. డేగ కూర్చుంది. చిట్టి మొహం ఇంకా ముడుచుకునే ఉంది, అయినా పక్కకొచ్చి నిలబడింది. "రెండో కన్ను గట్టిగా మూయకు. ఈ మర మెల్లగా తిప్పు."

"నల్లటి అంచుతో గుండ్రంగా ఒకటుంది. అదేనా కణం?"

"అది గాలిబుడగ. గాజుపలక కాస్త పక్కకి జరుపు."

జరిపింది. సన్నటి గీతలు తేలాయి. గీతలు గళ్ళయ్యాయి. వెనక లైను పెరిగిపోతోంది.

"కేంద్రకం కనిపించిందా, డేగా?" టీచర్ అడిగింది.

అవునంటే చాలు, లేచిపోవచ్చు.

"గళ్ళు కనిపించాయి టీచర్. చుక్క కనిపించలేదు. ఇంకాసేపు చూడనా?"

"చూడు."

చూసింది. ఎంత చూసినా చుక్క దొరకలేదు. డేగ లేచి బోర్డు దగ్గరికెళ్ళి పాత బొమ్మంతా తుడిచేసింది. ఇటుకల్లా గళ్ళు గీసింది. లోపల ఖాళీగా వదిలేసింది. సుద్దముక్క చిట్టి చేతిలో పెట్టింది.

"చుక్కలు నువ్వు చూశావుగా. నువ్వు పెట్టు."