భాగస్వామి పేరు

"ఏమండీ విత్తనం గారూ, మనిద్దరికీ పెళ్లెప్పుడైంది?"

అతని చేతిలోంచి సీసా జారిపడబోయి ఆగింది. విత్తనం గారంటే అతనే. ఉడికించిన జొన్నగింజల మీద పుట్టగొడుగుల విత్తనం పెంచి సంచుల్లో అమ్ముతాడు. గుమ్మంలో నిలబడిన అమ్మాయి ఆ విత్తనం కొని, ఇంటి వెనక రెండు గదుల నిండా పుట్టగొడుగులు పండిస్తుంది. వాటికి నీళ్లు చిలకరించడానికి ఆమె ఫోను మూడు గంటలకోసారి మోగుతుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను అలారం అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"నాకు తెలిసి ఇంకా కాలేదండీ," అన్నాడు. ఆ 'ఇంకా' ఎక్కడి నుంచి ఊడిపడిందో అతనికే తెలియదు.

ఆమె ఒక ఉత్తరం తీసి అతని ముందు పెట్టింది. వ్యవసాయ వ్యాపారం చేసే ఆడవాళ్లకీ యువతకీ సాయం చేసే పథకం ఒకటుంటే, ఇద్దరూ విడివిడిగా దరఖాస్తు పెట్టారు. ఎంపికైతే ఏడాది శిక్షణ, పెద్ద షాపులతో పరిచయాలు, అన్నిటికంటే ముఖ్యంగా కోల్డ్ రూములో చోటు. పొద్దున కోసిన పుట్టగొడుగులు సాయంత్రానికి మెత్తబడిపోతుంటే, ఆమెకు కావలసింది ఆ చోటే.

దరఖాస్తులో 'భాగస్వామి పేరు' అని ఒక గడి ఉంది. విత్తనం ఇచ్చేవాడు వ్యాపారంలో భాగస్వామే కదా అని ఆమె ఇతని పేరు రాసింది. ఆఫీసువాళ్లు దాన్ని మొగుడి పేరనుకున్నారు. కుటుంబానికి ఒకే చోటు, శుక్రవారంలోగా ఇద్దరిలో ఒకరు తప్పుకోండి అని రాశారు.

"నేను తప్పుకుంటాను లెండి," అన్నాడతను, గొంతులో కాస్త త్యాగం కలిపి.

"మీరు దానమిచ్చే చోటు నాకొద్దు. నా పుట్టగొడుగులు చూసి ఇస్తే తీసుకుంటాను. పదండి ఆఫీసుకి."

దారిలో వాన పట్టుకుంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. గదుల నిండా పుట్టగొడుగులు పెంచే మనిషి దగ్గర ఇంత బుల్లి గొడుగు ఉండటం అన్యాయం అనిపించింది గానీ, అతను పైకి అనలేదు. కుడి భుజం పూర్తిగా తడిసిపోయింది. ఎడమ భుజం మాత్రం వాన ఆగొద్దని కోరుకుంది.

ఆఫీసులో మేడమ్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి సంగతంతా విన్నది. పెళ్లయిందనడానికి కాగితం ఉంటుంది గానీ, కాలేదనడానికి ఎవరిస్తారమ్మా అని అడిగింది. తప్పు మీదంటే మీదని ఇద్దరూ మొదలుపెట్టారు. అసలైన మొగుడూ పెళ్లాల్లాగే ఉన్నారే అందావిడ.

అప్పుడే ఆమె ఫోనులో నీళ్ల అలారం మోగింది.

"రెండో గదిలో పైవరస సంచులు ఎండిపోతాయి, మీ అమ్మగారికి చెప్పండి," అన్నాడతను అలవాటుగా. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. విత్తనం పట్టిందో లేదో చూడటానికి వారానికి రెండుసార్లు వెళ్తానండీ అని నసిగాడు. ఒకసారి చాలని అతనికీ తెలుసు.

ఆమె తల్లికి ఫోను చేసింది. మేడమ్ ఆ ఫోను అందుకుని స్పీకరు నొక్కి, మీ అమ్మాయికి పెళ్లయిందా అని సూటిగా అడిగేసింది.

"అయితే ముందు నాకు చెప్పాలిగా అమ్మా?" అంది తల్లి. ఆ తర్వాత కొంచెం ఆశగా, "ఎవరూ, మన విత్తనాలబ్బాయేనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టింది. మేడమ్ నవ్వాపుకుంటూ 'భాగస్వామి'కి ముందు 'వ్యాపార' అని చేర్పించి సంతకం తీసుకుంది. కానీ ఏడాది లోపల నిజంగానే చేసుకుంటే ఒక చోటు పోతుందని మాత్రం గట్టిగా చెప్పింది.

తర్వాత షెడ్లు చూడటానికి మనుషులొచ్చారు. ఎవరి పనిని బట్టి వాళ్లు, ఇద్దరూ ఎంపికయ్యారు. ఇక అతని పాట్లు మొదలయ్యాయి. మాట నోటిదాకా రావడం, కోల్డ్ రూములోని ఆమె పుట్టగొడుగుల ట్రేలు గుర్తొచ్చి మింగేయడం. ఒకరోజు కోల్డ్ రూములో వణుకుతూ ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"మీతో ఒక మాట చెప్పాలి."

"ట్రేల గురించా?"

"కాదు."

"అయితే పథకం అయ్యేదాకా ఇక్కడే ఉంచండి. ఇందులో పెట్టినవి చెడిపోవు."

ఆ మాట తల్చుకుంటూ అతను మిగతా నెలలన్నీ హాయిగా గడిపేశాడు.

చివరి రోజు వచ్చింది. ఆమె పుట్టగొడుగులు ఇప్పుడు నాలుగు పెద్ద షాపుల్లో ఉన్నాయి, ఆమె దగ్గర ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. మేడమ్ ఇద్దరికీ ముగింపు ఫారాలిచ్చింది. వీళ్ల పుణ్యమా అని ఈసారి రెండు గడులు అచ్చువేశారు: వ్యాపార భాగస్వామి, జీవిత భాగస్వామి.

రెండో గడి దగ్గర అతని పెన్ను ఆగిపోయింది. మెల్లగా పక్క ఫారంలోకి తొంగిచూశాడు. మొదటి గడిలో తన పేరు, గుండ్రటి అక్షరాల్లో. దాని కింది గడిలో ఒకే మాట.

'పైవారే.'

"ఖాళీగా వదిలితే వెనక్కి పంపేస్తారు," అందామె, తలెత్తకుండానే. "రాయండి."

అతనూ ఆమె పేరు కింది గడిలో అదే రాశాడు.

మేడమ్ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చదివింది. ముద్ర అందుకోబోయిన చెయ్యి ఆపి, ఆమె వైపు చాచింది.

"ఫోను ఇలా ఇవ్వమ్మా. మీ అమ్మగారు ముందు తనకే చెప్పమన్నారు."