ఆ అడ్రస్‌లో ఇప్పటికే ఎవరో ఉన్నారు

ఆసుపత్రి నేలమాళిగలోని సర్వర్ గదికి మంచి పేరు లేదు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, సర్వర్ లేస్తుంది గానీ అందులో నెట్‌వర్క్ లేవదు. బాగుచేసే మనిషి ఎదురుగా కూర్చున్నంతసేపూ మొండికేస్తుంది. అతను విసిగి సంచి సర్దుకుని వెళ్లాక, పొద్దున ఎవరో మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది! పాత టెక్నీషియన్ చివరికి ఆఫీసు లాప్‌టాప్ కూడా టేబుల్ మీద పడేసి, ఉద్యోగం వదిలి పోయాడట.

ఆ రాత్రి మళ్లీ కరెంటు పోయి వచ్చింది. అదే లాప్‌టాప్‌తో కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి మెట్లు దిగింది.

"నేను పైనే ఉంటానమ్మా..." అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి.

"భయమా బాబాయ్?"

"భయమెందుకు? మోకాళ్ల నొప్పి."

తెల్లారి ఆరింటికి ఒక చంటిపిల్లకు గుండె ఆపరేషన్. ఆ పిల్ల స్కాన్లన్నీ ఈ సర్వర్ డబ్బాలోనే ఉన్నాయి.

అలవాటు ప్రకారం ముందు లాప్‌టాప్‌కు వైరు తగిలించింది. సర్వర్‌లో నెట్‌వర్క్ సర్వీసు మొదలుపెట్టింది. ఎర్ర అక్షరాలు — విఫలం. సెట్టింగులు అక్షరం అక్షరం చూసింది, తప్పు లేదు. మళ్లీ... విఫలం. సర్వర్ తన తప్పులు రాసుకునే చిట్టా, లాగ్ తెరిచింది. ఒకటే వాక్యం, దాని పక్కన ఏదో యంత్రం తాలూకు పన్నెండు అక్షరాల గుర్తింపు నంబరు.

'ఈ అడ్రస్‌లో ఇప్పటికే వేరొకరు ఉన్నారు.'

వెనక్కి తిరిగి చూసింది. పై అంతస్తుల వైర్లన్నీ పీకేసింది. అయినా అదే మాట! ఆ వేరొకరు ఈ గదిలోనే ఉన్నారన్నమాట. నంబరు అరచేతిలో రాసుకుని, టార్చితో బీరువాల వెనకంతా వెతికింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"బాబాయ్..." మెట్ల కింది నుంచే కేకేసింది. "ఇవాళ ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

"నువ్వు తప్ప ఎవరూ రాలేదమ్మా..."

ఇక ఆమె వల్ల కాలేదు. పారిపోదామనే అనుకుంది. లాప్‌టాప్‌ను సంచిలో పెట్టబోతూ తిరగేసింది — అడుగున చిన్న స్టిక్కరు. దాని మీద నంబరు.

అరచెయ్యి చూసుకుంది. అదే నంబరు!

పాతాయన ఎప్పుడో ఏదో పరీక్ష కోసం నెట్‌వర్క్‌లో సర్వర్ అడ్రస్‌నే లాప్‌టాప్‌కూ ఇచ్చి, తీసెయ్యడం మరిచిపోయాడు. అది తగిలించి ఉన్నంతసేపూ సర్వర్‌కు నెట్‌వర్క్ రాదు. దెయ్యాన్ని రోజూ తన సంచిలోనే మోసుకొచ్చి, దాన్ని చూసే పారిపోయాడు పాపం.

లాప్‌టాప్ వైరు పీకింది. మిగతావన్నీ తగిలించి సర్వీసు మొదలుపెట్టింది. పచ్చదీపం! అంతసేపూ బిగబట్టుకున్న భయమంతా ఒక్కసారిగా నవ్వై బయటికొచ్చింది. పగలబడి నవ్వింది.

పైన వాచ్‌మన్ మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో గానీ, గేటు దాకా ఆగకుండా పరిగెత్తాడు.

పిల్ల ఆపరేషన్ బాగా జరిగింది. గది పేరు మాత్రం ఇంకా చెడింది. అక్కడ రాత్రిళ్లు ఆడదెయ్యం నవ్వుతుందని, తాను చెవులారా విన్నానని వాచ్‌మన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.