తలుపు ముందు బూట్లు

మా కోల్డ్ స్టోరేజీలో ఒక పద్ధతి ఉంది. చల్లగదిలోకి వెళ్లేవాడు తన బూట్లు బయటే విప్పి, మడమలు తలుపు వైపు పెట్టి, అక్కడున్న గమ్‌బూట్లు తొడుక్కుని వెళ్లాలి. తలుపు ముందు బూట్లు కనిపిస్తే లోపల మనిషి ఉన్నట్టు. అవి అక్కడున్నంతసేపు ఎవరూ తలుపు వేయరు. యజమాని అయినా సరే, పక్కన నిలబడి ఎదురుచూడాల్సిందే.

పద్ధతి పాతదే. ఊఁ తాత పోయాక మాత్రం శాసనమైంది. నాకు ముందు అక్కడ ఆపరేటర్ ఆయన. ఏమడిగినా "ఊఁ" అనేవాడు తప్ప రెండో మాట ఉండేది కాదు. తిట్టినా ఊఁ, పొగిడినా ఊఁ. ఎండాకాలంలో కూడా మెడకి ఎర్ర మఫ్లర్ చుట్టుకునే తిరిగేవాడు. ఒక సాయంత్రం బూట్లు విప్పడానికి బద్ధకించి, వాటితోనే రెండో గదిలోకి వెళ్లాడు. బయట బూట్లు లేవు కాబట్టి ఎవరో తలుపు వేసేశారు. ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. పొద్దున తెరిచి చూస్తే తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట, మఫ్లర్ ముక్కు దాకా లాక్కుని.

నేను దెయ్యాలకి భయపడే రకం కాదు. నా భయమంతా కంప్రెసర్లతోనే. పాప పుట్టినప్పటినుంచీ ఆ భయం రెట్టింపైంది. ఇక్కడ పాప గుక్కపట్టి ఏడుస్తుంటే అక్కడ కంప్రెసర్ మొరాయించేది. సగం స్నానంలో, సగం భోజనంలో లేచి పరుగెత్తేవాణ్ణి. నా అవస్థ చూడలేక చివరికి యజమానే దిగొచ్చాడు. "ఇంట్లోంచే చూసుకునే ఏర్పాటేదో చేసుకోవయ్యా, పనిచేస్తే నాకేం అభ్యంతరం?" అన్నాడు.

ఏర్పాటు అంటే పెద్దదేమీ కాదు. గదుల ఉష్ణోగ్రత, లైట్లు, తలుపుల కరెంటు తాళాలు, అన్నీ ఆఫీసులోని డెస్క్‌టాప్ కంప్యూటర్ మీదే ఉంటాయి. ఆ తెర మా ఇంట్లో నా ల్యాప్‌టాప్ మీద కనబడితే చాలు. ఆ పనికి మా బావమరిదిని పంపాను. ఆరడుగుల మనిషి, కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని. అయినా ఇంట్లో అందరికీ చిన్నోడే. మా ఆవిడకి పుట్టింటి వైపు మిగిలింది ఆ తమ్ముడొక్కడే. వాడికి కాస్త జలుబు చేస్తే చాలు, ఈమెకి అన్నం సహించదు.

ఆదివారం సాయంత్రం. స్టోరేజీకి సెలవు. బయట ముసురు. చిన్నోడు రెయిన్‌కోటు తగిలించుకుని, కొత్తగా కొన్న నిమ్మపండు రంగు బూట్లతో బయల్దేరాడు.

"ఆ బూట్లేంట్రా, కళ్లు పోయేలా ఉన్నాయి?" అన్నాను.

"అసూయ బావా నీకు," అన్నాడు.

ఆఫీసుకి చేరాక ఫోన్ స్పీకర్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచాడు. వాగుడుకాయ. పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. కొత్తగా చేరిన వాచ్‌మన్ వాడి మొహం కూడా చూడకుండానే గేటు తీశాడట. గదంతా తడి సున్నం వాసనట. అక్కడి కుర్చీలో ఎప్పుడు కూర్చున్నా నడుం జివ్వుమంటుందట.

"ఒక నంబర్ చెప్తా, కొట్టు బావా. ఇప్పుడు నువ్వు కలుపుతానని అడిగితే ఇక్కడ తెర మీద 'అనుమతించు' అని వస్తుంది. నేను నొక్కితేనే నువ్వు లోపలికి రాగలవు. ఎవరూ నొక్కకుండానే కలిసే ఏర్పాటు చివర్లో చేస్తాలే."

నొక్కాడు. నా ల్యాప్‌టాప్ మీద ఆఫీసు తెర పరుచుకుంది. మొదటి గది, రెండో గది, వాటి పక్కన అంకెలు. ఇంట్లో కూర్చుని బాణం గుర్తు కదిపితే అక్కడా కదులుతోంది! చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను.

"రెండో గదిలో లైటు వేసి ఆర్పు బావా. వెలుగుతోందో లేదో చూసొస్తా. లోపల సిగ్నల్ రాదు, ఫోన్ ఇక్కడే వదిలేస్తున్నా."

"బూట్లు విప్పి వెళ్లరా."

"విప్పుతాలే. నీ బోడి రూల్సు!"

అడుగుల చప్పుడు దూరమైంది. ఇనుప తలుపు కిర్రుమంది. లైటు వేశాను, ఆర్పాను. మళ్లీ వేశాను, మళ్లీ ఆర్పాను. అంతలో పెద్దగా ఉరిమింది. మా ఇంట్లో కరెంటు రెపరెపలాడింది. తెర నల్లబడి, కనెక్షన్ తెగింది.

మళ్లీ కలపమని అడిగాను. ఎదురుచూస్తున్నట్టు తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. చిన్నోడు వచ్చి నొక్కాలి కదా, ఆగుదాంలే అనుకున్నాను. అంతలోనే కలిసింది. అవతల ఎవరో 'అనుమతించు' నొక్కారు.

"వచ్చేశావా?" అన్నాను ఫోన్‌లో.

"ఊఁ."

"లైటు వెలిగిందా?"

"ఊఁ."

"సరే, తాళం కూడా చూసేద్దాం. తలుపు దగ్గరికి లాగావా? నొక్కనా?"

ఈసారి ఫోన్‌కి బాగా దగ్గరగా...

"ఊఁ."

నొక్కాను. రెండో గది పక్కన చిన్న ఎర్ర తాళం బొమ్మ వచ్చింది. భేష్ అనుకున్నాను.

మా ఆవిడ పాపని భుజాన వేసుకుని వచ్చి నిలబడింది. "ఏమండీ, చిన్నోడు బయల్దేరాడా? మాటా పలుకూ వినిపించడం లేదేంటి?"

నిజమే. వినిపించడం లేదు. నిద్రలో కూడా మాట్లాడే మనిషి ఇంతసేపు నోరు మూసుకున్నాడంటే...

అప్పుడే రెండో గది అంకె మీద నా కళ్లు పడ్డాయి. మైనస్ పద్దెనిమిది ఉండాలి. అది పాయింటు తర్వాత పాయింటు పైకి పాకుతోంది. ఆ గదిలో మీటరు తలుపు పక్కనే, మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. మూసిన గదిలో ఆ అంకె అలా ఎక్కదు. ఎక్కాలంటే దాని పక్కన ఎవరో నిలబడాలి. ఊపిరి పీలుస్తూ... తలుపు బాదుతూ...

ఇన్నేళ్లుగా బూట్లు చూడకుండా ఏ తలుపూ వేయని మనిషిని. ఈ తెర మీద నాకు అంకెలు కనిపిస్తాయి, లైట్లు కనిపిస్తాయి. తలుపు ముందు బూట్లు కనిపించవు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

లోపలినుంచి తెరిచే పిడి విరిగి చాలా కాలమైంది. బాగుచేయిద్దాం, బాగుచేయిద్దాం అంటూ యజమాని నానుస్తున్నాడు.

బాణం గుర్తుని 'తెరువు' మీదికి తీసుకెళ్లాను. నొక్కబోయేసరికి అది పక్కకి జరిగింది. మళ్లీ తెచ్చాను. మళ్లీ జరిగింది. తొందర లేదు, విసురు లేదు. ముసలివాళ్లు పిల్లల చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టినట్టు, మెల్లగా... ఆ బాణం ఇద్దరి చేతుల్లో ఉంది. ఇటు నా చెయ్యి. అటు...

"ఎవరది?" అని గుసగుసగా అడిగాను.

ఫోన్‌లో కుర్చీ కిర్రుమన్న శబ్దం.

మా ఆవిడ ఫోన్ లాక్కుని వాచ్‌మన్‌కి చేశాను. "రెండో గదిలో మా బావమరిది ఉండిపోయాడు! పరుగెత్తు! బయట లీవర్ ఉంటుంది, చేత్తో లాగు!"

"అయ్యో, వెళ్తున్నా సార్!" ఫోన్ చేతిలో పట్టుకునే పరుగెత్తాడు. చెప్పుల టపటప, రొప్పు, వాన. మా ఆవిడకి అప్పటికి అర్థమైంది. ఏడవలేదు. నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగాయి.

లీవర్ లాగిన చప్పుడు. తలుపు మూలిగింది.

"తెరిచాను సార్... లోపల చీకటి... ఎవరైనా ఉన్నారా?... ఆఁ, వస్తున్నాడు సార్! వచ్చేశాడు!"

పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, పాపని ముద్దులతో ముంచెత్తింది. నాకైతే చిన్నోణ్ణి వాటేసుకుని, తర్వాత రెండు తగిలించాలనిపించింది.

"వాడికి ఫోన్ ఇవ్వు," అన్నాను.

"ఆగలేదు సార్. అటు ఆఫీసు గది వైపు వెళ్లిపోయాడు. చలికి బిగుసుకుపోయినట్టున్నాడు పాపం, ఏమడిగినా ఊఁ అంటాడు తప్ప మాట లేదు. మఫ్లర్ ముక్కు దాకా చుట్టుకున్నాడు, మొహం సరిగ్గా కనిపించలేదు."

కుర్చీలోంచి లేచాను. "తలుపు?"

"వేసేశాను సార్. చీకట్లో గోడకానుకుని ఏదో సరుకు మూట తప్ప ఇంకేం కనబడలేదు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే సరుకు పాడవుతుందని మీరేగా చెప్పారు."

"బూట్లు..." అన్నాను. "కాళ్లకి ఏమున్నాయి?"

"బూట్లే సార్, పాత తోలువి. లోపలినుంచే వేసుకొచ్చాడు. అందుకే అనుకుంటున్నా, మరి ఇక్కడ తలుపు ముందున్న జత ఎవరిదీ అని. నిమ్మపండు రంగువి. మడమలు తలుపు వైపున్నాయి."

"తెరువు!" అని అరిచాను. "మళ్లీ తెరువు! వాడింకా లోపలే ఉన్నాడు!"

నా అరుపు మా ఆవిడ చెవికెక్కలేదు. ఆమె అప్పటికే రెండో ఫోన్ మీదికి, ఆఫీసు టేబుల్ మీదున్న తమ్ముడి ఫోన్‌కి కలిసి ఉన్న నా ఫోన్ మీదికి వంగి, కళ్లు తుడుచుకుంటూ అడుగుతోంది.

"చిన్నోడా... బాగానే ఉన్నావా నాన్నా?"

తెర మీద రెండో గది అంకె ఎక్కడం ఆగిపోయింది. ఒక క్షణం నిలబడింది. పాయింటు తర్వాత పాయింటు కిందికి దిగసాగింది.

"ఊఁ."

"పలికాడండీ," అంది మా ఆవిడ నావైపు తిరిగి, నవ్వు మొహంతో. "పలికాడు."