మాసిన చీరలు ఇంట్లోనే ఉన్నాయి

పెద్దావిడ కనపడటం లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే డాక్టరుగారూ భార్యా ఇంటికొచ్చేసరికి ఫ్లాట్ ఖాళీ. తల్లి గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. తల్లి లేదు. బీరువాలో రెండు చీరలు కూడా లేవు. రోజూలాగే సరుకులకని వెళ్లిన పనమ్మాయి అప్పుడే సంచులతో తిరిగొచ్చింది. ఇంకేం, దొంగ దొరికిపోయిందన్నారు.

సెక్యూరిటీ ఆఫీసరుకు కబురెళ్లింది.

ఆయన సొంతదేశంలో ఎస్సైగా చేసినవాడు. ఈ పరాయి దేశానికొచ్చి, ఇంతెత్తు భవనానికి కాపలా పెద్ద అయ్యాడు. భవనం నిండా మన దేశంవాళ్లే. పై అంతస్తుల్లో డాక్టర్లు, ఇంజనీర్లు. కింద డ్రైవర్లు, వంటవాళ్లు, ఇస్త్రీవాళ్లు. పైవాళ్లు ఆయన్ని కూర్చోమనరు. కిందవాళ్లు ఆయన ముందు కూర్చోరు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. మాట్లాడే మనిషి లేక, డ్యూటీ దిగాక గదిలో టీవీతోనే వాదన పెట్టుకుంటాడు. అది కూడా ఒక్కోసారి గెలుస్తుంది.

"ఆ పిల్లే ఏదో చేసింది," అంది డాక్టరుగారి భార్య. "అత్తయ్యగారికి మాయమాటలు చెప్పి ఎక్కడికో పంపించేసింది. చీరలు కూడా సర్దించింది."

పనమ్మాయి వంటగది గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల సూట్‌కేసు అప్పటికే హాల్లోకి వచ్చేసింది.

"నేను పోలీసులకి ఫోన్ చేస్తున్నాను," అన్నాడు డాక్టరుగారు.

ఇక్కడి సంగతి ఆఫీసరుకు తెలుసు. పనివాళ్ల మీద యజమాని కంప్లయింట్ ఇస్తే, నిజం తేలేలోపే ఇక్కడ వీసా రద్దవుతుంది. ఆ తర్వాత పెద్దావిడ నవ్వుకుంటూ తిరిగొచ్చినా, ఈ పిల్లను వెనక్కి పిలిచే నాథుడుండడు.

"ఒక్క గంట ఆగండి సార్. దొరక్కపోతే నేనే చేస్తాను ఫోన్."

డాక్టరుగారు వాచీ చూసుకున్నాడు. "గంటే."

ఎంక్వయిరీ మొదలైంది.

"ఏ చీరలు పోయాయి?"

"ఇస్త్రీ చేసి పెట్టినవి."

"మాసినవో?"

"అవెందుకండీ ఇప్పుడు?" అంది కోడలు.

ఆయన మాసిన బట్టల బుట్ట మూత తీశాడు. మాసిన చీరలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఇవి ఎవరు ఉతుకుతారు?"

"పెద్దమ్మగారే మెషీన్లో వేసుకుంటారు సార్," అంది పనమ్మాయి. "నన్ను ముట్టుకోనివ్వరు."

"పాస్‌పోర్ట్?"

"లాకర్లో ఉంది," అన్నాడు డాక్టరుగారు.

"బీపీ మాత్రలు?"

"టేబుల్ మీదే ఉన్నాయి."

గుమ్మం పక్కన స్టాండులో పెద్దావిడ తోలు చెప్పులు బుద్ధిగా కూర్చున్నాయి. ఆయన బాత్రూమ్‌లోకి తొంగి చూశాడు.

"ఇక్కడ వేసుకునే చెప్పులేవి?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పనమ్మాయే మళ్లీ జవాబిచ్చింది. "నీలం రబ్బరువి సార్. పొద్దున్నే కడిగి పెట్టాను. ఇక్కడే ఉండాలి."

పక్క వీధికెళ్లాలన్నా బాత్రూమ్ చెప్పులతో ఏ ఇల్లాలూ గేటు దాటదు. అంటే పెద్దావిడ భవనం దాటలేదు.

ఆయన కంట్రోల్ రూమ్‌కి వెళ్లి ఫుటేజ్ వేయించాడు. మెయిన్ లిఫ్టులో లేదు. లాబీలో లేదు. గేటు దగ్గర లేదు.

"ఎక్కడెక్కడ వెతికారు?"

"టెర్రస్, తోట, జిమ్, స్విమ్మింగ్ పూల్. అన్నీ చూశాం సార్," అన్నాడు గార్డు.

"సర్వీస్ లిఫ్టు?"

గార్డు నవ్వాడు. "దాంట్లో ఓనర్లెందుకెక్కుతారు సార్?"

దానికి కెమెరా కూడా లేదు. పనివాళ్ల లిఫ్టుకు కెమెరా దండగని ఓనర్ల మీటింగులో తేల్చేశారు.

"బేస్‌మెంట్ లాండ్రీలో అడిగారా?"

"ఫోన్ చేశాం. డాక్టరుగారి అమ్మగారెవరూ రాలేదన్నారు."

ఆయన సర్వీస్ లిఫ్టెక్కాడు.

లాండ్రీలో ఆవిరి. మెషీన్ల రొద. ఆ రొదను మించి ఆడవాళ్ల నవ్వులు. ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే నవ్వులు ఆగాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కావిడ మాత్రం బోర్లించిన టబ్బు మీద కూర్చుని దుప్పట్లు మడత పెడుతోంది. కాళ్లకు నీలం చెప్పులు.

"ఎవరావిడ?"

"పైన డాక్టరుగారింట్లో వంటచేసే పిన్ని సార్," అంది ఇస్త్రీ ఆవిడ. "రోజూ ఈ వేళకి వస్తది. ఇస్త్రీ చీరలే తెచ్చి మళ్లీ ఇస్త్రీ చెయ్యమంటది, పిచ్చితల్లి. కాసేపు మాతో కబుర్లు. ఆ ఇంట్లో ముసలమ్మ తప్పిపోయిందంట కదా, పైకెళ్లు పిన్నీ, ఉద్యోగం ఊడుద్ది అని ఇందాకట్నించీ మొత్తుకుంటున్నాం. కదిల్తే కదా!"

పెద్దావిడ చేతులు ఆగిపోయాయి. ఆఫీసరు ఆవిడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మెషీన్ల హోరులో ఆవిడకొక్కదానికే వినపడేట్టు చెప్పాడు.

"అమ్మా, పనమ్మాయి సూట్‌కేసు హాల్లో పడేశారు. మిమ్మల్ని ఆ పిల్లే మాయం చేసిందంటున్నారు."

"అయ్యో! ఆ పసిదాన్నా?" ఆవిడ దుప్పటి పక్కన పెట్టి లేచింది. "పద నాయనా."

ఇస్త్రీ ఆవిడ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనూ వస్తా పిన్నీ. నిన్ను ఎవరన్నా ఒక్క మాటంటే నేనూరుకోను."

లిఫ్టులో కూడా చెయ్యి వదల్లేదు. నిజం చెప్పడానికి పెద్దావిడకు అన్ని అంతస్తులూ ఉన్నాయి. నోరు మాత్రం రాలేదు.

తలుపు తెరుచుకుంది.

"అమ్మా!" అన్నాడు డాక్టరుగారు.

ఇస్త్రీ ఆవిడ చెయ్యి జారిపోయింది.

ఆఫీసరు హాలు మధ్యలో నిలబడి కేసు విప్పాడు.

"ఊరెళ్లే మనిషి మాత్రలు తీసుకెళ్తుంది. మంచి చెప్పులేసుకుంటుంది. ఈవిడ రెండూ చెయ్యలేదు. చీరలెందుకంటారా? చేతిలో బట్టల మూటుంటే సర్వీస్ లిఫ్టులో ఎవరూ ఏమీ అడగరు. అయితే తను విడిచిన చీర ఇంకొకరి చేతిలో పెట్టడం ఈవిడకు చేతకాదు. అందుకే ఇస్త్రీవి పట్టుకెళ్లారు. చీరలు పోయాయనే మీరు చూశారు సార్. ఏవి మిగిలాయో చూడలేదు. మా గార్డులేమో ఓనర్లు తిరిగే చోట్లే వెతికారు. లాండ్రీవాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లకు తెలిసింది వంటపిన్నే. ఈ పిల్లకైతే అసలేమీ తెలీదు."

పనమ్మాయి గోడకు చేరగిలబడి భోరుమంది.

"నీకేం తక్కువ చేశామమ్మా?" అన్నాడు డాక్టరుగారు.

"తక్కువేం చెయ్యలేదురా. పొద్దున్నే మీరిద్దరూ వెళ్లిపోతారు. ఈ పిల్లతో నాలుగు మాటలాడితే చనువివ్వొద్దంటారు. పక్క ఫ్లాటువాళ్ల భాష నాకు రాదు. డాక్టరుగారి అమ్మనని చెప్తే కిందవాళ్లు నాతో నవ్వుతారట్రా? అందుకే వంటమనిషినన్నాను."

డాక్టరుగారు సూట్‌కేసు తనే మోసుకెళ్లి లోపల పెట్టాడు.

పెద్దావిడ సోఫాలో కూర్చుని పక్కన చేత్తో తట్టింది. "రావే, ఇలా కూర్చో."

"వద్దండి, అమ్మగారూ." ఇస్త్రీ ఆవిడ గుమ్మం దగ్గర్నించి కదల్లేదు.

"అమ్మగారేంటే? ఇందాకటిదాకా నేను నీకు పిన్నినేగా?"

"అప్పుడు తెలీదు కదండీ."

"రేపు వస్తాలే. అప్పుడు తీరిగ్గా తిడుదువుగాని."

"రావద్దండి అమ్మగారూ." ఇస్త్రీ ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇక మీరొస్తే మేమంతా పని ఆపి లేచి నిలబడాలండి."

ఆమె సర్వీస్ లిఫ్టు వైపు వెళ్లిపోయింది. కేసు తేలినందుకు ఆఫీసరుకు ఏడుపు రావడం అదే మొదలు. పెద్దావిడ చెయ్యి సోఫా మీద అలాగే ఉండిపోయింది.