ఎల్లమ్మ తొట్టిలో తెల్లనీళ్ళు

నాకు అక్షరాలు వచ్చింది యాభై నాలుగో ఏట, మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే మన్నించండి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. అందుకని సాగదీయకుండా చెప్పేస్తాను.

సోమవారం పొద్దున పదకొండు గంటలకు మారతహళ్ళిలో డిటెక్టివ్ వరూధిని ఆఫీసు తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చింది. రబ్బరు గ్లౌజులు ఇంకా చేతులకే ఉన్నాయి. పేరు ఎల్లమ్మ అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సాయంత్రం అయిదుకి గది ఖాళీ చెయ్యల్లంట మేడమ్. లేకుంటే పోలీసులకు పట్టిస్తారంట. మా ఆయన బాలయ్య కట్టే బిల్డింగు సెంట్రింగు మీంచి పడి నడుము ఇరగ్గొట్టుకోని ఉండాడు. లేసి కూచోలేడు. ఆయన్ని ఏడికి ఎత్తుకపోయేది?"

"ఏం చేశావని?"

"తొట్టిని సంపినానంట."

అసిస్టెంట్ శామ్యూల్‌కు నవ్వొచ్చింది. వరూధిని చూపు తగలగానే నోటుబుక్కు తెరిచాడు.

సర్జాపుర రోడ్డులో తొంభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఆ ఇళ్ళలోని అన్నం, కూర, తొక్కలు అన్నీ రుబ్బి ఎల్లమ్మ ఒక పెద్ద సిమెంటు తొట్టిలో పోస్తుంది. తొట్టిలో ఉండే బాక్టీరియా దాన్ని తిని గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్‌తో జనరేటరు తిరుగుతుంది, మెట్ల మీదా వరండాల్లోనూ లైట్లు వెలుగుతాయి. మూడేళ్ళుగా ఒక్కరోజు కూడా ఆగలేదు. ఈ రోజు పొద్దున గ్యాస్ రాలేదు. అక్కడే ఎల్లమ్మకు ఉండటానికి ఇచ్చిన గది వెనక ఖాళీ ఫినాయిల్ క్యాను దొరికింది. చూపించింది అసోసియేషన్ సెక్రటరీ అచ్యుత్.

వరూధిని లేచింది. పదేళ్ళు ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేసిన మనిషి. మాట వినేటప్పుడు మనిషి చేతుల్ని చూడటం ఆమె అలవాటు.

అపార్ట్‌మెంటు గేటు దగ్గరే అచ్యుత్ అడ్డం వచ్చాడు.

"డిటెక్టివ్‌ని తెచ్చుకుందా! చెత్త ఏరే మనిషికి ఎంత టెక్కు!"

"మీరేం చూశారో చెప్పండి," అంది వరూధిని.

"మాది అయిదో అంతస్తు. సరిగ్గా తొట్టి పైన. పొద్దున్నే బాల్కనీలో కాఫీ తాగుతూ రోజూ చూస్తాను. బకెట్టెడు తెల్లటి నీళ్ళు పోస్తుంది. వాసన పోవడానికి ఫినాయిల్. ఇంకేముంటుంది?"

"కిందికి వెళ్ళి అడగలేదా?"

"అక్కడికి నేనెందుకు పోతాను? ముక్కు పగిలిపోతుంది."

తొట్టి దగ్గర మేనేజరు భారతి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె గొంతులోనూ కారమే. "మేడమ్, రోజూ పొద్దున మీటరు చూడటానికి నేనిక్కడికి వస్తాను. అది తొట్టి కాదు, ఎల్లమ్మ బర్రె. కుడితి పెట్టనిదే ఆమె టీ తాగదు. నిన్న మాత్రం నేను లేను, కోలారు వెళ్ళాను. తాళాల గుత్తి కూడా నాతోనే ఉంది. పంపు గది, పూల్ గది, అన్నీ."

"రెండో జత?"

"సెక్రటరీ గారి దగ్గర."

పొడి చెత్త లారీ ఓబళప్ప పక్కనే బస్తాలు కడుతున్నాడు. ఒకప్పుడు తడి చెత్త కూడా ఇతని లారీలోనే పోయేది. తొట్టి వచ్చాక ఆ బేరం పోయింది.

"తొట్టి సస్తే నాకేం దుఃఖమప్పా?" అన్నాడు శామ్యూల్‌తో. "నా కడుపు కొట్టింది అదే కదా. అయినా ఫినాయిల్ కత నమ్మను. బస్తాలు ఎత్తేటప్పుడు ఈమె పక్కనే నిలబడతా. గంజి వాసనే గాని ఫినాయిల్ వాసన ఏ పొద్దూ రాలేదు."

"ఆదివారం ఎక్కడున్నావు?"

"గేటు బయట. ఆదివారం నా లారీని లోపలికి రానియ్యరు. వాచ్‌మన్‌ని అడుగు పో!"

వాచ్‌మన్ అవునన్నాడు.

వరూధిని మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి మూతిని చూసింది. సిమెంటు అంచు ఒకచోట పొంగి, తిన్నట్టు గుంటలు పడి ఉంది. కలిపే ఇనుప కడ్డీ మీద కొత్త తుప్పు. ఒక నీలం లిట్మస్ కాగితం లోపల ముంచితే ఎర్రగా మారింది. ఫినాయిల్ క్యాను ఎత్తి వాసన చూసి కింద పెట్టింది.

"సార్ ఇక్కడే దొరికిపోయారు," అని శామ్యూల్‌తో మెల్లగా అంది.

"ఎవరు మేడమ్?"

"అందర్నీ పిలువు."

నాలుగున్నరకు కమిటీ వాళ్ళు తొట్టి చుట్టూ, ముక్కులకు కర్చీఫులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. సెక్యూరిటీ వాళ్ళు అప్పటికే బాలయ్యను నులక మంచంతో సహా ఎత్తి బయట ఎండలో దించారు.

"ముందు ఒక్క మాట," అంది వరూధిని. "రోజూ ఫినాయిల్ పోస్తోందని సెక్రటరీ గారన్నారు, మీరంతా తలలూపారు. ఫినాయిల్ బాక్టీరియాను చంపుతుంది. రోజూ పోస్తే మూడేళ్ళ కిందటే మీ లైట్లు ఆగిపోవాలి. ఇంత చదివిన వాళ్ళు, ఒక్కరికీ తోచలేదా?"

వరూధిని ఎల్లమ్మ వైపు తిరిగింది.

"ఆ తెల్లనీళ్ళు ఏంటి ఎల్లమ్మా?"

"బియ్యం కడిగిన నీళ్ళు మేడమ్. పనిమనుషులు ప్రతి ఇంటినుంచీ కడవల్లో తెచ్చిస్తారు. మా మదకశిర దిక్కు గొడ్లకు కుడితి పెట్టకుండా మేత వెయ్యం. ఈ పురుగులూ నోరులేని జీవాలే కదా."

"తొట్టిని చంపింది ఫినాయిల్ కాదు. యాసిడ్. సిమెంటును తిన్నది అదే. ఈత కొలను నీళ్ళలో కలిపే యాసిడ్, పూల్ గదిలో ఉంటుంది. మరి ఫినాయిల్ క్యాను ఎందుకు పెట్టారు? ఎల్లమ్మ పోసేది ఫినాయిలేనని పెట్టినవాడు నిజంగా నమ్మాడు. నలుగురూ నమ్ముతారనుకున్నాడు. భారతికి అది కుడితి అని తెలుసు. ఓబళప్ప గంజి వాసన చూశాడు. వాళ్ళలో ఎవరూ ఫినాయిల్ కథ అల్లరు. అల్లింది పైనుంచి చూసి, ఒక్కసారీ కిందికి దిగని మనిషి. నిన్న ఊళ్ళో ఉన్న పూల్ గది తాళంచెవి ఒక్కటే. అది మీ దగ్గరే ఉంది, అచ్యుత్ గారూ. మీ ఇంట్లో బియ్యం మీరెప్పుడూ కడగలేదు కదూ?"

అచ్యుత్ మొహం కందిపోయింది. "అవును! పోశాను! నా ఫ్లాటు కొనడానికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ బాల్కనీలో ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు. ఈ కంపులోనే నేను చావాలా?"

"తొట్టి మూయించాలంటే మీటింగులో అడగాల్సింది," అంది భారతి. "ఎల్లమ్మ బతుకు తీస్తావా?"

కమిటీలో పెద్దాయన సుబ్బరామయ్య గొంతు సవరించుకున్నాడు. "పొరపాటు జరిగిపోయింది ఎల్లమ్మా. ఉద్యోగం నీదే, గదీ నీదే. మనసులో పెట్టుకోవద్దు."

"పెట్టుకుంటా సార్," అంది ఎల్లమ్మ. "మూడేండ్లు మీ ఎంగిలి చేత్తో కలిపినా. ఒక్క పూటలో దొంగను చేసినారు. తొట్టిని మళ్ళీ బతికిస్తా, నలభై దినాలు పడుతుంది, పేడ తెప్పియ్యండి. కానీ ఆయన మంచం నేను ముట్టను. బయట పెట్టించింది మీరు. లోపల పెట్టేదీ మీరే."

సెక్యూరిటీ వాళ్ళు ముందుకు రాబోతే ఎల్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సుబ్బరామయ్య మంచం కోడు ఒకటి పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు కర్చీఫులు జేబులో పెట్టుకుని వచ్చారు. నాలుగో కోడు దగ్గర ఎవరూ లేరు. అందరూ అచ్యుత్ వైపు తిరిగారు. అతను కదల్లేదు. ఎల్లమ్మా కదల్లేదు. ఎండలో బాలయ్య కళ్ళు మూసుకున్నాడు.

చివరికి అచ్యుత్ వంగాడు.

ఇట్లు, వెంకటలక్షుమ్మ, వయసు అరవై మూడు, ఇప్పుడు ఉండేది మహదేవపురలో.