ఇద్దరు మోయాల్సిన అద్దం

మధ్యాహ్నం బడి గంట కొట్టగానే పిడుగు ఇంటికి వచ్చింది. కొట్టు తలుపు తీసే ఉంది. నాన్న లేడు. బల్ల మీద పూల అచ్చున్న కిటికీ అద్దం ఒక్కటే ఉంది.

పిడుగుకి పదేళ్లు. ఏ పనికీ వెనకాడదు, ఎవరి మాటా వినదు. అందుకే అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. అక్క నెమ్మది మనిషి. ఆమెకు నత్త అని పేరు పెట్టింది పిడుగే.

ఆ రోజుల్లో వాళ్ల నాన్న కిటికీలకు అద్దాలు కోసేవాడు. ఇంటి ముందుగదే కొట్టు. గోడకు ఆనించిన అద్దాలు, వాటి మధ్య పాత పేపర్లు, ఎప్పుడూ పుట్టీ వాసన. నాన్న స్కేలు పెట్టి అద్దం మీద గీత గీసేవాడు. బల్ల అంచుకు జరిపి మెల్లగా నొక్కితే టక్కుమని రెండయ్యేది. ఆ చప్పుడు కోసం పిడుగు హోంవర్క్ వదిలేసి వచ్చి నిలబడేది.

నాలుగు నెలల కిందట ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చేతికి పట్టు రాలేదు. అప్పటినుంచి అద్దం ఎత్తే ముందు తల వంచి ఓ మాట అనేవాడు.

"ప్రభువా, ఇది నావల్ల కాదు. సాయం పట్టు."

తర్వాత పక్క కొట్టులోని కమ్మరి మామయ్యను కేకేసేవాడు. ఆయనతోనూ అదే మాట. ఇద్దరూ కలిసి మోసేవారు.

దేవుడికి చెప్పాక మళ్లీ మామయ్య ఎందుకని పిడుగు ఒకసారి అడిగింది. నాన్న నవ్వాడు.

"దేవుడు సాయం పట్టాలంటే ఎవరి చేతులతో పడతాడే? ఆయన చెయ్యి నల్లగా, మసి పూసుకుని వస్తే నేనేం చెయ్యను?"

పిడుగుకి నవ్వు రాలేదు. బడిలో పిల్లలు అంటున్న మాటలు ఆయనకు తెలియవు. మీ నాన్న అద్దాన్ని మోస్తాడా, అద్దమే మీ నాన్నను మోస్తుందా అని వాళ్లు అడిగేవారు.

బల్ల మీదున్న అద్దం ప్రార్థన మందిరానిది. మందిరం కిటికీలన్నిటికీ పూల అద్దాలే. తాతయ్య బిగించినవి. ఒక కిటికీ అద్దం పగిలితే, నాన్న చేతికి కట్టు విప్పేదాకా పాస్టరు గారు దానికి అట్టముక్క కట్టి ఉంచారు. ఆ పని వేరే మనిషికి ఇచ్చేయమని చాలామంది చెప్పారు. ఆయన ఇవ్వలేదు. ఆ రకం అద్దం ఇప్పుడు దొరకదు. తాతయ్య దాచిన చివరి ముక్క అది. వణికే చేత్తో నాన్న దాన్ని రెండు రోజులు కోశాడు. చెయ్యి విరిగాక ఆయన ఒప్పుకున్న మొదటి పెద్ద పని అదే.

నాన్న ఎక్కడని పిడుగు అడిగితే, కిటికీ చట్రం మీది పాత పుట్టీ గీకడానికి మందిరానికి వెళ్లాడని అమ్మ వంటింట్లోంచి చెప్పింది. మామయ్య అన్నం తిని వచ్చాక ఇద్దరూ కలిసి అద్దం తీసుకెళ్తారట.

మామయ్య అక్కర్లేదని పిడుగు అనుకుంది. తను ఒక్కతే అద్దం మోసుకెళ్లిందని తెలిస్తే రేపు బడిలో ఎవరు నోరెత్తుతారు?

రెండు రబ్బరు ముక్కలు అరచేతుల్లో పెట్టుకుని అద్దాన్ని నిలువుగా ఎత్తింది. అది ఆమె గడ్డం దాకా వచ్చింది. మొదటి పాతిక అడుగులు బాగానే నడిచింది. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి భుజాలు లాగాయి. చేతులు వణికాయి. గోడ పక్కన దించుదామనుకుంది. కానీ ఎదురుగా అరుగు మీద తన క్లాసు పిల్లలు ముగ్గురు కూర్చుని చూస్తున్నారు.

దించలేదు. పళ్లు బిగించి నడిచింది. ఇంకో నాలుగడుగులు వేసిందో లేదో, అద్దం ఆమె చేతుల్లోంచి జారింది.

చప్పుడు విని అందరూ బయటికి వచ్చారు. అమ్మ ఆమె చెయ్యి చూసింది. చిటికెన వేలు కొద్దిగా తెగింది, అంతే. ఓ గుడ్డ ముక్క కట్టి, చేటా చీపురూ తెచ్చి ముందు పెట్టింది.

"ఎత్తు. ఒక్క ముక్క కూడా వదలకు. రేపు ఎవడి కాల్లోనో దిగుతుంది."

పిడుగు ఒక్కతే ఎత్తింది. అక్క గుమ్మంలో నిలబడి చూసింది తప్ప కదల్లేదు.

నాన్న వచ్చాడు. చేటలోని ముక్కల్ని చాలాసేపు చూశాడు. ఒకదాన్ని తీసి, దాని మీది పువ్వును బొటనవేలితో తడిమి, మళ్లీ చేటలో పెట్టాడు. తిడితే బాగుండునని పిడుగుకి అనిపించింది.

"నిన్ను చూసి నవ్వుతున్నారు నాన్నా," అంది.

"నవ్వనీ. నువ్వెందుకు పిలవలేదు?"

"నేను మోయగలననుకున్నా."

"మలుపు దగ్గర కూడా అనుకున్నావా?"

పిడుగు వేలికి కట్టిన గుడ్డను సరిచేసుకుంది.

"నీకు బలం చాలదని నాకు తెలుసు. అది తప్పు కాదు. నీకూ తెలిసింది, మలుపు దగ్గర. తెలిశాక కూడా దించలేదు చూడు, అదే తప్పు."

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. విరిగిన మణికట్టును రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఇరవై ఏళ్లు రోజూ ప్రార్థన చేశానే. ఒక్కరోజు కూడా ఆయన్ని ఏమీ అడగలేదు. నేను చేసినవన్నీ ఆయనకు చెప్పుకునేవాణ్ణి, అంతే. చెయ్యి విరిగాక అడగడం వచ్చింది. అడగాలంటే సిగ్గు. అది పోవడానికి ఎముక విరగాల్సొచ్చింది నాకు. నీకు అద్దంతో పోయింది."

ఆ సాయంత్రమే నాన్న పాస్టరు గారికి విషయం చెప్పి వచ్చాడు. ఆయన పెద్దగా ఏమీ అనలేదట. పరవాలేదని కూడా అనలేదట. మామూలు అద్దమే బిగించమన్నారు. పూల కిటికీల వరసలో ఆ ఒక్కటీ వేరుగా ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, అక్కడ కూర్చున్న ప్రతిసారీ పిడుగు కళ్లు దాని మీదికే పోయేవి.

శనివారం నాన్న మామూలు అద్దం కోశాడు. తను ముందుగా వెళ్లి చట్రానికి పుట్టీ పట్టిస్తానన్నాడు. కమ్మరి మామయ్య ఊళ్లో లేడు. అద్దం ఎవరు తెస్తారో ఆయన చెప్పలేదు. పిడుగు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

పిడుగు పెరట్లోకి వెళ్లింది. అక్క బట్టలు ఆరేస్తోంది. అద్దం పగిలిన రోజునుంచి ఆమె పిడుగుతో మాట్లాడటం లేదు.

"అక్కా, అద్దం నావల్ల కాదు. సాయం పడతావా?"

అక్క తిరిగి చూడలేదు. "పిడుగువి కదా. పో, మోసుకో."

పిడుగు వెళ్లలేదు. బకెట్‌లోంచి తడి చొక్కా తీసి పిండి ఇచ్చింది. ఇంకొకటి పిండి ఇచ్చింది. బకెట్ ఖాళీ అయ్యాక మళ్లీ అడిగింది.

అక్క చేతులు తుడుచుకుంది. "నత్తతో నడవాలి మరి. నీకు ఓపిక ఉందా?"

ఉందంది పిడుగు.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బయలుదేరారు. అక్క ముందు, పిడుగు వెనక. కొంతదూరం పోయాక పిడుగు పిలిచింది.

"అక్కా, ఆగు. నా చేతులు వణుకుతున్నాయి."

గోడ పక్కన గోనెసంచి పరిచి అద్దాన్ని దించారు. పిడుగు కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏమందో అక్కకు వినపడలేదు, అక్క అడగలేదు. కాసేపటికి ఇద్దరూ మళ్లీ వంగి అద్దాన్ని ఎత్తారు.

మందిరం చేరేలోపు ఇంకా మూడుసార్లు ఆగారు. మూడుసార్లూ ఆగమన్నది పిడుగే.